గ్లాసుడు జావ

పొద్దున ఆరున్నర అయింది. వెంకటాచలంలో నెల్లూరు బస్సు ఆగింది. అత్తా కోడలూ ఎక్కారు.

అత్తకు కొన్నాళ్లుగా ఆయాసం. నాలుగు బిందెలు నీళ్లు మోస్తే గుండె దడదడ కొట్టుకుంటోంది. కూర్చుని లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఊళ్లో నర్సమ్మ ఆమె కనురెప్ప కిందికి లాగి చూసింది. లోపల ఎర్రగా లేదు. తెల్లగా పాలిపోయి ఉంది. "రక్తం తక్కువగా ఉన్నట్టుంది. పరీక్ష చేయించుకో పెద్దమ్మా" అంది. అందుకే ఈ ప్రయాణం.

పరగడుపున రమ్మన్నారు. రక్తం ఇచ్చి బయటికి వచ్చేసరికి ఎనిమిది దాటింది. అత్తకు కడుపులో మండుతోంది. కోడలు హోటలు కోసం అటూ ఇటూ చూసింది. అంతలో వీధి మూల మీద ఒక తోపుడు బండి కనిపించింది. బండి మీద మూడు స్టీలు గిన్నెలు ఉన్నాయి. మూతల సందుల్లోంచి ఆవిరి వస్తోంది. చుట్టూ పదిమంది నిలబడి గ్లాసులతో తాగుతున్నారు.

బండికి ఒక బోర్డు కట్టి ఉంది. అత్త ఆగి చదవసాగింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

"రా... గి జా... వ. రాగి జావ. స... జ్జ. సజ్జ జావ. ము... న... గా... కు సూ... పు."

అక్కడ ఆగిపోయింది. "మునగాకు సూపేందే? చూపు అని రాయబోయి తప్పు రాశారా?"

కోడలు నవ్వింది. "సూపంటే చారే అత్తా. ఇంగ్లీషోళ్లు సూపంటారు."

"మరి చారని రాయచ్చు గదా!"

అత్త అడిగింది న్యాయమే. కానీ చారు అని రాస్తే పట్నంలో పది రూపాయలు కూడా ఇవ్వరు. సూపు అని రాస్తే ఇరవై ఇస్తారు. పేరులో ఉంది మహిమ.

జావ ధర గ్లాసు 15 రూపాయలు. అత్త వెనక్కి తగ్గింది. "అంబలికి డబ్బిచ్చేదా? మా అమ్మ కాలంలో అంబలి తాగామని బయట చెప్పుకునేవాళ్లం కాదు. తలుపు మూసి తాగేవాళ్లం."

ఆ మాట ఒక్క ఆమెది కాదు. మన జిల్లాలో చాలామంది ముసలివాళ్లు ఇదే మాట అంటారు.

ఎందుకు దాచుకున్నారు?

నెల్లూరు వరికి పేరు. పెన్న నీళ్లు పారిన చోటల్లా వరే. మొలగొలుకుల బియ్యం మాట ఎంత దూరం పోయిందో అందరికీ తెలుసు. నీళ్లు లేని మెట్ట ఊళ్లలో మాత్రం రాగులు, సజ్జలు, కొర్రలు పండించారు. అందువల్ల వరి అన్నం తినేవాడు గొప్పవాడు, అంబలి తాగేవాడు పేదవాడు అనే లెక్క వచ్చింది. పండగకే వరి అన్నం వండిన ఇళ్లు ఎన్నో. పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల ముందు సంగటి పెట్టేవాళ్లు కాదు. బియ్యం అప్పు తెచ్చి అన్నం వండేవాళ్లు.

గంజి మాటకు ఇంకా పాత బాధ ఉంది. కరువు వస్తే గంజి పోసేవాళ్లు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజ్యంలో పెద్ద కరువు వచ్చింది. దాన్ని ధాత కరువు అంటారు. నెల్లూరు జిల్లా కూడా ఆ కరువులో మాడిపోయింది. అంతకు ముందు 1782లో మద్రాసులో కరువు వచ్చినప్పుడు ఆకలితో వచ్చినవాళ్లకు గంజి పోయడానికి ఒక సత్రం పెట్టారు. దాని పేరు మోనెగార్ సత్రం. ఆ సత్రం దగ్గరే తర్వాత ఆసుపత్రి పెరిగింది. ఈనాటి స్టాన్లీ ఆసుపత్రి అదే. మన వైపు నుంచి వైద్యానికి చెన్నై పోయినవాళ్లు ఆ పేరు వినే ఉంటారు. అక్కడి ముసలివాళ్లు దాన్ని చాలాకాలం గంజితొట్టి ఆసుపత్రి అని పిలిచారు. గంజి అంటే దిక్కులేనివాళ్ల తిండి అనే ముద్ర అలా పడిపోయింది.

ఇప్పుడు చూడండి. ఆ బండి చుట్టూ ఎవరున్నారు? బ్యాంకులో పనిచేసే ఆయన ఉన్నాడు. రాత్రి డ్యూటీ దిగిన నర్సు ఉంది. చంకలో సంచితో కాలేజీ పిల్లవాడు ఉన్నాడు. నడకకు వచ్చి చెమటతో తడిసిన ఇద్దరు పెద్దమనుషులు ఉన్నారు. ఒక ఆటో అతను బండి ఆపకుండానే చెయ్యి చాపి గ్లాసు అందుకున్నాడు. ఎవరికీ కూర్చునే తీరిక లేదు. ఐదు నిమిషాల్లో తాగి, నోరు తుడుచుకుని పోతున్నారు.

ఇలాంటి బండ్లు ఇప్పుడు నెల్లూరులోనే కాదు, విజయవాడ, హైదరాబాదు లాంటి ఊళ్లలో కూడా కనిపిస్తున్నాయి. కొన్నిచోట్ల బండ్లు పెరిగి చిన్న హోటళ్లు అయ్యాయి. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో చిరుధాన్యాల ఇడ్లీలు అమ్మే ఒక చిన్న కొట్టు ఉంది. చిరుధాన్యాలు అంటే రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు, సామలు వంటివి. 2021లో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ఆ ఇడ్లీలు తిని మెచ్చుకున్నారు. ఆయన మన జిల్లా చవటపాలెంలో పుట్టినవారే. 2023 సంవత్సరాన్ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ సంవత్సరం మార్చిలోనే మన రాష్ట్రంలో సర్కారు బడిపిల్లలకు వారానికి మూడు రోజులు బెల్లం వేసిన రాగిజావ పోయడం మొదలుపెట్టారు. తలుపు మూసి తాగిన అంబలి బడిలోకి వచ్చింది.

హోటలు పుట్టింది చారుతోనే

అత్తకు చెబితే నమ్మదు గానీ, ఈ రోజు మనం రెస్టారెంటు అనే మాట కూడా ఇలాంటి చారు నుంచే పుట్టింది.

ఫ్రాన్సు దేశంలో పారిస్ అనే పట్నం ఉంది. సుమారు 250 ఏళ్ల కిందట, 1760 తర్వాత, అక్కడ కొన్ని కొత్త దుకాణాలు వెలిశాయి. మాంసం, ఎముకలు చాలాసేపు ఉడకబెట్టి, ఆ నీళ్లు వడగట్టి, కప్పుల్లో పోసి అమ్మేవాళ్లు. నీరసంగా ఉన్నవాళ్లు, అన్నం సయించనివాళ్లు వచ్చి తాగేవాళ్లు. పోయిన బలాన్ని తిరిగి తెచ్చేది అనే అర్థంతో ఆ చారును వాళ్ల భాషలో రెస్టారెంటు అన్నారు. మొదట అది చారు పేరు. తర్వాత ఆ చారు దొరికే కొట్టు పేరు. ఇప్పుడు బిరియాని దొరికే చోటు కూడా రెస్టారెంటే.

మన చారు కూడా సముద్రం దాటింది. ఇంగ్లీషువాళ్లు మద్రాసులో ఉన్నప్పుడు మిరియాల చారు రుచి మరిగారు. అరవంలో మిళగు అంటే మిరియం, తణ్ణి అంటే నీళ్లు. మిళగుతణ్ణి అనే మాట వాళ్ల నోరు తిరగక ముల్లిగటానీ అయింది. అందులో మాంసం, కూరగాయలు వేసుకుని సూపు అన్నారు. మన చారే మనకు సూపై తిరిగి వచ్చింది.

ఉలవచారు కథ ఇంకా తమాషా. కృష్ణా, గుంటూరు వైపు రైతులు ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాళ్లు. ఆ ఉడికిన నీళ్లు పారబోయకుండా ఇంటివాళ్లు చింతపండు వేసి, చిక్కబడేదాకా కాచుకునేవాళ్లు. గింజ ఎద్దుకు, నీళ్లు మనిషికి. ఇప్పుడు అదే ఉలవచారును పెద్ద హోటళ్లలో మీగడ వేసి, వెండిరంగు గిన్నెలో తెచ్చి పెడతారు. ధర అడిగితే ఎద్దు కూడా బెదురుతుంది.

గ్లాసులో ఏముంది?

అత్త చివరికి ఒక గ్లాసు తీసుకుంది. చిక్కగా ఉంది. మజ్జిగ కలిపారు. పైన ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర చల్లారు. ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. "మా అమ్మ చేసిందానికంటే పుల్లగా లేదు" అంది. అయినా గ్లాసు ఖాళీ చేసింది.

"దీంతో రక్తం పడుతుందా?" అని బండి ఆమెను అడిగింది.

"పడుతుందమ్మా. నెల రోజులు తాగు" అంది బండి ఆమె.

ఇది నిజమా? కొంచెం లెక్క చూద్దాం.

ఒక గ్లాసు జావకు సుమారు 30 గ్రాముల రాగిపిండి పడుతుంది. అంటే రెండు మూడు చెంచాల పిండి. మనం తినే తిండిలో ఏముందో కొలిచి చెప్పేది హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థ 2017లో ఇచ్చిన లెక్క ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల సున్నం ఉంది. సున్నం అంటే గోడకు వేసే సున్నం కాదు. ఎముకలకు, పళ్లకు బలమిచ్చే కాల్షియం. మిల్లీగ్రాము అంటే గ్రాములో వెయ్యో వంతు. అదే 100 గ్రాముల తెల్ల బియ్యంలో 8 మిల్లీగ్రాములు కూడా లేదు. 364 ఎక్కడ, 8 ఎక్కడ!

ఆడమనిషికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు జావలోని రాగులు సుమారు 109 ఇస్తాయి. అంటే పదో వంతు. మజ్జిగ కలిపితే ఇంకొంత వస్తుంది. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి అనేవాళ్లకు ఇది మంచి తిండే.

ఇనుము సంగతి వేరు. రక్తం ఎర్రగా ఉండటానికి, ఒంట్లోకి గాలిని మోయటానికి ఇనుము కావాలి. 100 గ్రాముల రాగుల్లో ఇనుము 4.6 మిల్లీగ్రాములు. గ్లాసులో ఒకటిన్నర కూడా లేదు. ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. ఒకటిన్నర ఎక్కడ, 29 ఎక్కడ? అందులోనూ గింజల్లో ఉన్న ఇనుము అంతా ఒంటికి పట్టదు. కొంచెమే పడుతుంది.

కాబట్టి బండి ఆమె చెప్పింది సగమే నిజం. జావ బలమే. కానీ రక్తం బాగా తగ్గిన మనిషికి జావ ఒక్కటే మందు కాదు.

ఇది చిన్న విషయం కాదు. 2019-21లో దేశమంతా ఇల్లిల్లూ తిరిగి చేసిన ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువగా ఉందని తేలింది. పదిమంది ఒకచోట కూర్చుంటే అందులో ఆరుగురు దాకా ఉంటారు. చాలామంది దాన్ని జబ్బు అనుకోరు. "పనెక్కువై అలిసిపోయాం" అనుకుంటారు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు కూడా దీనికి ఒక కారణం. నెలనెలా పోయే రక్తం, వెంటవెంటనే కాన్పులు, కడుపులో నులిపురుగులు కూడా కారణాలే.

పరీక్షలో హిమోగ్లోబిన్ అని ఒక అంకె రాస్తారు. ఆడవాళ్లకు అది 12 ఉండాలి. గర్భిణికి 11 ఉండాలి. అంతకంటే తగ్గితే రక్తహీనత అంటారు. చీటీ చేతికి వచ్చినప్పుడు ఆ అంకె ఎవరికి వాళ్లే చదువుకోవచ్చు. పక్కవాళ్లను అడగనక్కరలేదు.

సర్కారు ఆసుపత్రిలో, ఆశా కార్యకర్త దగ్గర ఇనుము మాత్రలు ఉచితంగా ఇస్తారు. గర్భిణికి నాలుగో నెల నుంచి 180 రోజులు ఇస్తారు. కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు ఇస్తారు. వాటిని మింగితే కొందరికి వికారం వస్తుంది. దొడ్డికి నల్లగా అవుతుంది. భయపడి చాలామంది మానేస్తారు. మాత్రలు చూరులో దోపిన ఇళ్లు లేకపోలేదు. నల్లగా అవడం ఇనుము వల్లనే. దానికి భయపడనక్కరలేదు. వికారం ఎక్కువైతే అన్నం తిన్నాక వేసుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. అప్పటికీ తగ్గకపోతే నర్సమ్మకు చెప్పాలి. మానెయ్యకూడదు.

ఇంకో మెలిక ఉంది. దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. జావలో, మజ్జిగలో, పాలల్లో ఉన్న కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. టీ, కాఫీ కూడా అంతే. అందుకని ఇనుము మాత్ర జావతో మింగకూడదు. టీతో అసలే మింగకూడదు. రెండు గంటలు ఎడం ఉండాలి. నిమ్మకాయ నీళ్లతో మింగితే బాగా పడుతుంది. ఉసిరికాయ, జామకాయ కూడా అలాంటివే. కొందరు జావ తాగిన వెంటనే పక్క బండి దగ్గర టీ తాగుతారు. బండి చుట్టూ ఉన్న పదిమందిలో నలుగురు అదే చేస్తున్నారు. 15 రూపాయలు పెట్టి కొన్నదాంట్లో కొంత టీ పాలు చేస్తున్నారు.

రక్తానికి రాగుల కంటే సజ్జలు నయం. 100 గ్రాముల సజ్జల్లో ఇనుము 6.4 మిల్లీగ్రాములు ఉంటుంది. ఉలవల్లో 8.7 ఉంటుంది. వారంలో రెండు రోజులు సజ్జ జావ, ఒక రోజు ఉలవచారు చేసుకుని, అన్నంలో ఆకుకూర వేసుకుని, పైన నిమ్మకాయ పిండుకుంటే మంచిది. మాంసం, చేపలు తినేవాళ్లకు ఇంకా మేలు. వాటిలోని ఇనుము గింజల్లో దానికంటే తొందరగా ఒంటికి పడుతుంది. నెల్లూరు వాళ్లకు చేపల పులుసు గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. కాకపోతే ముక్కలు మగవాళ్లకు, పులుసు ఆడవాళ్లకు కాకుండా చూసుకోవాలి.

షుగరు జబ్బు ఉన్నవాళ్లు కూడా ఈ మాట వినాలి. "రాగిజావ షుగరుకు మంచిది, ఎంతైనా తాగచ్చు" అని చాలామంది అంటారు. అది తప్పు. మెత్తగా విసిరిన పిండిని పలచగా కాస్తే తొందరగా అరిగిపోతుంది. రక్తంలో చక్కెర కూడా తొందరగా పెరుగుతుంది. బెల్లం వేస్తే చెప్పనే అక్కరలేదు. వాళ్లు గిన్నెలు గిన్నెలు తాగకుండా, డాక్టరును అడిగి కొలత ప్రకారం తాగాలి. గింజ గింజగా వండిన కొర్రన్నం, కూరతో తింటే జావకంటే నిదానంగా అరుగుతుంది.

బండి వెనక పని

తాగేవాళ్లకు ఐదు నిమిషాలు. చేసేవాళ్లకు మూడు రోజులు. ఈ సంగతి గ్లాసు పట్టుకున్నవాళ్లకు కనిపించదు.

మంచి జావకు మొలకెత్తిన రాగులు వాడతారు. ముందు రాగుల్ని చేటతో చెరగాలి. నీళ్లలో గాలించాలి. రాగుల్లో సన్న రాళ్లు ఉంటాయి. గాలించకపోతే పంటి కింద కరకరలాడతాయి. తర్వాత ఒక రాత్రి నానబెట్టాలి. పొద్దున నీళ్లు వంచేసి తడిగుడ్డలో మూట కట్టాలి. ఒకటి రెండు రోజుల్లో తెల్లటి మొలక వస్తుంది. గుడ్డ ఆరిపోకుండా మధ్యలో నీళ్లు చిలకరించాలి. మొలక వచ్చాక నీడన ఆరబెట్టాలి. బాగా ఆరాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. బూజు వాసన వస్తే అంతా పారబోయాల్సిందే. "ఇంత పిండి ఎట్టా పారబోస్తాం" అని జాలిపడి వాడితే జబ్బు వస్తుంది. ఆరిన గింజల్ని సన్నటి సెగ మీద దోరగా వేయించి పిండి పట్టించాలి.

మొలక ఎందుకు? గింజలో ఇనుమును, కాల్షియాన్ని పట్టి ఉంచే పదార్థం ఒకటి ఉంటుంది. మొలకెత్తితే అది తగ్గుతుంది. అప్పుడు వాటిలో బలం ఒంటికి ఎక్కువ పడుతుంది. రాత్రంతా పిండి నానబెట్టి పులియబెట్టినా అదే మేలు జరుగుతుంది. మన అమ్మమ్మలు అంబలి పిండిని రాత్రే కుండలో నానేసేవాళ్లు. పొద్దునకు పులిసేది. వాళ్లకు ఈ కారణం ఎవరూ చెప్పలేదు. రుచి కోసం, చలవ కోసం చేశారు. అత్త పులుపు లేదని అన్నది దాని గురించే. బండి ఆమె పిండిని పులియబెట్టలేదు.

కాచే తీరు ఇది. నాలుగు గ్లాసులకు ఎనిమిది పది చెంచాల పిండి తీసుకోవాలి. ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలుపుకోవాలి. వేడి నీళ్లలో పొడి పిండి వేస్తే ఉండ కడుతుంది. పొయ్యి మీద మూడు గ్లాసుల నీళ్లు మరిగాక, కలిపిన పిండి పోస్తూ, ఆపకుండా తిప్పాలి. పది నిమిషాలు ఉడకాలి. పచ్చి వాసన పోయి, కమ్మటి వాసన రావాలి. దించి, చల్లారాక ఉప్పు, మజ్జిగ కలపాలి. మజ్జిగ వేడి మీద పోస్తే విరిగిపోతుంది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటే ఇక వేరే కూర అడగరు. పసిపిల్లలకైతే ఆరు నెలలు నిండాకే, ఉప్పూ చక్కెరా లేకుండా, గరిటె జారుగా కాచి పెట్టాలి. పలచటి నీళ్లలాంటి జావ పిల్లల కడుపు నింపుతుంది గానీ ఒళ్లు నింపదు.

మునగాకు సూపు అంతకంటే తేలిక. గుప్పెడు ఆకు కడిగి, రెండు టమాటాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కొంచెం పెసరపప్పు వేసి ఉడికించాలి. పప్పుగుత్తితో మెదిపి, మిరియాల పొడి, ఉప్పు వేయాలి. వడగట్టకూడదు. హోటళ్లలో వడగట్టి ఆకును పారేస్తారు. బలం ఎక్కువగా ఆకులోనే ఉంటుంది. పెరట్లో మునగచెట్టు ఉన్నవాళ్లకు ఇది కాణీ ఖర్చు లేని సూపు.

లాభం ఎంత?

అత్త గ్లాసు కింద పెట్టి ఇంకో మాట అడిగింది. "రోజుకెంత మిగులుతుందమ్మా?"

బండి ఆమె నవ్వి ఊరుకుంది. పక్కన అందరూ వింటున్నారు మరి. కోడలు మనసులో లెక్క వేసుకుంది. ఆ లెక్క ఇక్కడ వేసి చూద్దాం. ధరలు ఊరిని బట్టి, రోజును బట్టి మారతాయి. ఇవి ఊహించుకున్న ధరలు.

రోజుకు 60 గ్లాసులు అనుకుందాం. రాగిపిండి రెండు కిలోలు, 120 రూపాయలు. పెరుగు మూడు లీటర్లు, 180. ఉల్లిపాయలు, కొత్తిమీర, ఉప్పు, మిర్చికి 60. గ్యాసుకు 60. కాగితం గ్లాసులకు 60. బండి తోలుకు రావడానికి, ఆటోకు 60. మొత్తం 540 రూపాయలు. గ్లాసు 15 చొప్పున 60 గ్లాసులకు 900 వస్తుంది. మిగిలేది 360.

బాగుంది అనిపిస్తుంది. కానీ వాన పడితే? పండగ సెలవు వస్తే? 40 గ్లాసులే పోతే వచ్చేది 600. ఖర్చు మాత్రం 540 అయిపోయింది. మిగిలేది 60. ఆ రోజు తెల్లవారుజామున మూడింటికి లేచిన కష్టానికి 60 రూపాయలు. మజ్జిగ కలిపిన జావ సాయంత్రానికి పులిసిపోతుంది. రేపటికి అమ్మకూడదు. అందుకే తెలిసినవాళ్లు అంతా ఒకేసారి కలపరు. ఉడికిన జావ వేరుగా, మజ్జిగ వేరుగా ఉంచుతారు. గిరాకీని బట్టి కలుపుతారు. మిగిలిన మజ్జిగ ఇంటికి పనికొస్తుంది.

పెట్టుబడి సంగతి చూద్దాం. మన జిల్లా ఆడవాళ్లకు పొదుపు కొత్త కాదు. 1992లో దూబగుంటలో మొదలై ఊరూరా సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న సారా ఆగిపోయింది. సారాకు పోయే డబ్బులో రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకుని పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. అలాంటి సంఘం నుంచి అప్పు తీసుకుంటే వడ్డీ వ్యాపారి గడప తొక్కే పని ఉండదు. పట్టణాల్లో వీధి వ్యాపారం చేసేవాళ్లకు 2020 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం కింద బ్యాంకులు అప్పు ఇస్తున్నాయి. మొదటి విడత 10 వేలు ఉండేది. 2025లో దాన్ని 15 వేలు చేశారు. సకాలంలో కడితే తర్వాత విడతలు పెద్దవి ఇస్తారు.

బండి పెట్టడానికి కాగితాలు కూడా కావాలి. వీధి వ్యాపారుల కోసం 2014లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం మునిసిపాలిటీ వీధి వ్యాపారులను లెక్కించి గుర్తింపు పత్రం ఇవ్వాలి. ఆ పత్రం ఉన్నవాళ్లను నోటీసు ఇవ్వకుండా ఉన్నపళాన వెళ్లగొట్టకూడదు. వ్యాపారుల సంగతులు చూసే పట్టణ కమిటీలో నూటికి 40 మంది వ్యాపారులే ఉండాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. తిండి అమ్మేవాళ్లు ఆహార భద్రత నమోదు సంగతి కూడా కనుక్కోవాలి. ఈ కాగితాల మీద సంతకం పెట్టేముందు చదువుకోవాలి. వేలిముద్ర వేసిన రోజుల్లో ఏ కాగితంలో ఏముందో తెలిసేది కాదు.

కొనేవాళ్లు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. గిన్నెల మీద మూత ఉందా? గ్లాసులు ఒకే బక్కెట్టు నీళ్లలో ముంచి తీస్తున్నారా? మజ్జిగలో ఏ నీళ్లు పోశారు? జావ ఎంత కాచినా, చివర్లో పచ్చినీళ్ల మజ్జిగ పోస్తే కాచిన ఫలితం పోతుంది. బండి ఆమె కాచి చల్లార్చిన నీళ్ల క్యానొకటి తెచ్చుకుంది. దాని మీద మూత బిగించి ఉంది. కోడలు అది చూశాకే అత్తకు గ్లాసు ఇప్పించింది.

పది గంటలకు చీటీ చేతికి వచ్చింది. అత్త దాన్ని కోడలికి ఇవ్వలేదు. తానే చదివింది. హిమోగ్లోబిన్ ఎదురుగా 8.9 అని ఉంది.

"పన్నెండు ఉండాలంటిరే. మూడు తక్కువుండాది" అంది.

డాక్టరు మాత్రలు రాశారు. మూడు నెలలు వేసుకోమన్నారు. నెల తర్వాత మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. తిరిగి వస్తూ బండి దగ్గరికి పోయేసరికి గిన్నెలు ఖాళీ అయ్యాయి. బండి ఆమె బోర్డు విప్పి, గుడ్డతో తుడిచి, గిన్నెల మధ్య సర్దుతోంది. అత్త ఆగింది.

"అమ్మాయ్, రేపటి పిండి ఈ రాత్రే నానెయ్. కుండలో ఎయ్, స్టీలుదాంట్లో వద్దు. పుల్లగా వస్తాది" అని చెప్పింది.

బస్సులో కోడలు టీ అమ్మే పిల్లవాణ్ని పిలవబోయింది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. మాత్ర వేసుకుని ఇంకా రెండు గంటలు కాలేదు.